గాలిశంఖం, పేరులేని పాప

పేరుకు శ్వేతపురి. పాలరాతి ప్రాకారాలు, ముత్యపుచిప్పలు పొదిగిన గోపురాలు, మల్లెమొగ్గల్లాంటి బురుజులు. ఒకప్పుడు పున్నమి నాడు దూరాన పోయే బాటసారులు ఆ కోటను చూసి మంచుకొండ అనుకునేవారట. ఇప్పుడు ఆ గోడ మీద వేలితో గీస్తే వేలు నల్లబడుతుంది తప్ప గోడ తెల్లబడదు. నగరం నెత్తిన మసిమబ్బు గొడుగులా కమ్ముకుని ఉంటుంది. దాని కింద కోళ్లు పొద్దెక్కాక గాని కూయవు. ఆరేసిన చీరలు ఉతకని చీరలకన్నా మురికిగా ఇంట్లోకి వస్తాయి. ఆకు కదలదు, జెండా ఎగరదు, దీపం వణకదు. గాలి అన్నది ఆ ఊరి పొలిమేర దాకా వచ్చి వెనక్కి తిరిగిపోతుంది.

అలాంటి ఊళ్లోకి తెల్లవారుతూనే తెమ్మెర అడుగుపెట్టింది. ఒంటికి బొగ్గుపొడి పూసుకుంది. తలకు చింకిగుడ్డ చుట్టుకుంది. వీపున జోలెలో ఎనిమిది నెలల ఆడపిల్ల. కోట బురుజు మీద ఢంకా మధ్యాహ్నం మోగేలోగా ఆమె చేయాల్సిన పని ఒకటుంది. అది గనక కాకపోతే గాలికొండ మీద మిగిలిన చక్రాలన్నీ చితికి ఎక్కుతాయి, ఆమె మొగుడు చెరసాలకు పోతాడు, వీపున ఉన్న పిల్ల ఈ మసి పీల్చుకుంటూనే పెరుగుతుంది. ఇప్పటికే దగ్గు పట్టుకుంది దానికి. దగ్గినప్పుడల్లా తెమ్మెర చెయ్యి వెనక్కి పోయి జోలె నిమురుతోంది.

సంగతేమిటంటే, శ్వేతపురికి నీళ్లు పాతాళలోయ నుంచి రావాలి. పూర్వం గాలికొండవాళ్లు తెరచాపల చక్రాలు నిలబెట్టి, వాటికి బానల గొలుసులు తగిలించి, ఆ నీళ్లు తోడేవారు. తరవాత అంగారభట్టు అనే మాంత్రికుడు వచ్చాడు. నేల కడుపులోంచి నల్లరాయి తవ్వించి, దాన్ని మండించి, ఆ మంటలో మసిభూతాన్ని పుట్టించి, దాని ఆవిరి ఊపిరితో గొలుసు తిప్పాడు. గాలిదేముంది మహారాజా, అది వస్తే వస్తుంది లేకపోతే లేదు, నా రాయి మీరు పిలిచినప్పుడల్లా పలుకుతుంది అన్నాడు. కొలువులో ఉన్న ప్రతి పెద్దమనిషికీ ఒక గనిలో వాటా రాసిచ్చాడు. దాంతో అందరికీ గాలి మీద నమ్మకం పోయింది. చక్రాలు తిప్పకూడదని వాటికి రాజముద్రలు పడ్డాయి. తెమ్మెర అప్పటికి పావడా కట్టుకునే పిల్ల.

జనం దగ్గీ దగ్గీ సగమైపోతుంటే ఎవరికీ పట్టలేదు. మొన్న పట్టపుటేనుగు దగ్గింది. దగ్గి దగ్గి అంబారీతో సహా కూలబడింది. అప్పుడు సుధామవర్మ మహారాజుకు కళ్లు తెరుచుకున్నాయి, అవి కూడా సగమే. పూర్తిగా తెరిస్తే మహామంత్రి భద్రసేనుడు ఊరుకోడు. అందుకని పందెం పెట్టాడు. కోట ముంగిట రెండు రాతిసింహాలు. కుడి సింహానికి మాంత్రికుడి గొలుసు, ఎడమ సింహానికి గాలి గొలుసు. ఈ రోజు మధ్యాహ్నం ఢంకా మోగేలోగా ఏ సింహం నోట ముందు నీళ్లు పడితే రాజ్యానికి నీళ్లిచ్చే హక్కు వాళ్లది. తెమ్మెర భర్త సారంగుడు పడమటి బురుజు మీద చక్రం నిలబెట్టాడు. కానీ ఊపిరి ఆడని ఊళ్లో చక్రం తిరిగేదెట్లా? ఆ గాలిని పిలిచే శంఖం కొండ మీది గుహలో ఉండాలి. ఉండాల్సిన చోట లేదు. అంగారభట్టు మనుషులు ఎత్తుకుపోయి కొలిమింట్లో దాచారని వేగు వచ్చింది. దాన్ని తీసుకురావడానికే తెమ్మెర వచ్చింది.

బొగ్గులవాడలో గంపలు మోసే ఆడవాళ్లకు నాయకురాలు ఒక ముసలిది. ఆవిణ్ని అందరూ పెద్దమ్మ అంటారు. అసలు పేరు ఎవరికీ తెలియదు, అడగరు కూడా. ఆ వాడలో ఎవరూ ఎవరినీ పేరు పెట్టి పిలవరు. చప్పట్లు కొడతారు, ఈల వేస్తారు, ఎర్రచీర అనో మెల్లకన్ను అనో అంటారు. తెమ్మెర వెళ్లి ఒక పూట కూలికి అడిగింది. పెద్దమ్మ చూద్దాంలెమ్మని గంపలు లెక్కపెట్టుకోవడానికి లోపలికి పోయింది. ఈలోగా పాప ఏడుపు ఎత్తుకుంది. తెమ్మెర వసారాలో దూలానికి చీరతో ఉయ్యాల కట్టి, పిల్లను పడుకోబెట్టి, జోలపాడింది.

పెద్దమ్మ బయటికి వచ్చి ఉయ్యాల చూసింది. తలుపు దగ్గరగా వేసి వచ్చి తెమ్మెర పక్కన కూర్చుంది.

"ఏ ఊరన్నావే?"

"తూర్పు గనులు పెద్దమ్మా."

"తూర్పు గనులోళ్లు పిల్ల తలని పడమటికి పెట్టి పడుకోబెడతారా? ఈ వాడలో పుట్టిన ఆడది ఎవతైనా తల గోడేపు పెట్టి, అడ్డంగా తడిగుడ్డ కడతది, మసి పడకుండా. గాలొచ్చే దిక్కుకి తల పెట్టేది మీ కొండోళ్లే. గాల్లేని ఊళ్లోకొచ్చి కూడా నీ చెయ్యి అటే పోయింది."

తెమ్మెర ఎంతో జాగ్రత్తపడింది. మొహానికి మసి పూసుకుంది, యాస మార్చుకుంది, నడక మార్చుకుంది. చంటిపిల్లను పడుకోబెట్టేటప్పుడు వేషం గుర్తుండలేదు. ఇక దాచి లాభం లేదని ఉన్న సంగతి చెప్పేసింది.

పెద్దమ్మ అంతా విని, తలగుడ్డ విప్పి దులిపి మళ్లీ చుట్టుకుంది. "సరే, నీ చక్రం తిరిగిందే అనుకో. రేప్పొద్దున్న నా గంపలకి పనేంటి? నా ఎనకాల ఇంతమంది ఆడాళ్లున్నారు. ఈళ్ల పొయ్యి ఎవరెలిగిస్తారు, నీ గాలా?"

"నాకు తెలీదు పెద్దమ్మా," అంది తెమ్మెర. "తెరచాపలు కుట్టాలి, తాళ్లు పేనాలి, కొండకో చక్రం లేవాలి. చేతులు కావాలి. కానీ ఆ మాట ఇవ్వాల్సింది నేను కాదు, రాజు."

"ఇత్తాడా?"

"అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు."

ముసలిది ముక్కుతో నవ్వింది. నిన్న సారంగుడు కూడలిలో నిలబడి గాలి గొప్ప, ఎండ గొప్ప అని గంటసేపు ఊదరగొట్టాడనీ, గంపలు మోసేవాళ్ల ఊసు మాత్రం ఒక్కసారీ ఎత్తలేదనీ, వాడికన్నా, తెలీదని ఒప్పుకున్న పెళ్లామే నయమనీ అంది. ఒక గంప తెచ్చి తెమ్మెర ముందు పడేసింది. తరవాత గొంతు తగ్గించి కొలిమింటి కట్టుబాటు చెప్పింది. లోపల మసిభూతం ఉంటుంది. ఈ ఊళ్లో ఎక్కడైనా పైకి పలికిన పేరు దాని చెవిన పడుతుంది, పడిన పేరు మరిచిపోదు. ఆ పేరుతో పిలుస్తుంది. అమ్మ గొంతుతో పిలుస్తుంది, నాన్న గొంతుతో పిలుస్తుంది. పలికినవాళ్లు పొయ్యిలో ఉంటారు.

"నోరు తెరిచి ఆ అన్నా చాలు, ఊ అన్నా చాలు. పొయ్యిలో బొగ్గు మండినంతసేపూ దానికి గొంతుంటది. బొగ్గు పడకపోతే గొంతు పోద్ది, కానీ బొగ్గు పడకుండా ఎప్పుడుంది." అని పాప వంక చూసి, "దీని పేరేంటి?" అని ఆగింది.

"ఇంకా పెట్టలేదు. చక్రం తిరిగేటప్పుడే పేరు పెట్టడం మా ఆచారం. చక్రాలు ఆగినప్పటినుంచి మా కొండ మీద ఏ పిల్లకీ పేరు లేదు."

"మంచిది. పెట్టకు," అంది పెద్దమ్మ. అప్పుడే పాప కళ్లు తెరిచి, "ఊ," అంది. అది అలాంటి వయసు. కాకి అరిస్తే ఊ, కుక్క మొరిగితే ఊ, ఎవరు పలకరించినా ఊ. పేరులేని పిల్ల కాబట్టే దాన్ని కొలిమింట్లోకి వెంట తీసుకుపోయే ధైర్యం తెమ్మెరకు వచ్చింది. పాలు తాగే పిల్లను ఎక్కడ వదిలిపెట్టి పోతుంది?

కొలిమిల్లు కోట పునాదుల కింద ఉంది. ఏనుగు దంతాల్లా వంగిన ఇనుపస్తంభాలు, చెరువంత వెడల్పున రాగికాగులు, వాటి కింద నాలుకలు చాపిన మంటలు. కప్పు కనిపించదు, పొగ. నేల కనిపించదు, బూడిద. మధ్యలో గొలుసులతో కట్టేసిన మసిభూతం, ఒళ్లంతా కనకనలాడే పగుళ్లతో, తాటిచెట్టంత నోరు తెరుచుకుని కూర్చుంది. గంపలవాళ్లు ఒకరి వెనక ఒకరు మెట్లెక్కి బొగ్గు ఆ నోట్లో గుమ్మరించి దిగుతున్నారు. భూతం నడినెత్తి మీద ఒక సన్నటి గొలుసుకు వెన్నముద్దలాంటి శంఖం, మూతికి లక్క వేసి, తలకిందులుగా వేలాడుతోంది. కింది వేడికి అందులోని గాలి మత్తుగా నిద్రపోవాలని అక్కడ కట్టారన్నమాట.

అంగారభట్టు నల్లరాతి పీఠం మీద వెండిపళ్లెంలో ద్రాక్షలు పెట్టుకుని తింటున్నాడు. గంపల ఆడవాళ్లు అతని కంటికి మనుషుల్లా ఆనరు. కాని పాప దగ్గింది. అతను తల ఎత్తి, ఇదేమిటి, కూలికి వచ్చి పిల్లల్ని పెంచుతున్నారా అన్నాడు. పెద్దమ్మ చేతులు జోడించి, ఇప్పట్నుంచే అలవాటు చేత్తన్నాం సామీ, రేపు ఇదీ గంపే ఎత్తాలి కదా అంది. ఆ మాట అతనికి నచ్చింది. మళ్లీ ద్రాక్షల్లో పడ్డాడు.

తెమ్మెర మెట్లెక్కింది. ఒక్కో మెట్టుకూ వేడి మొహాన చరుస్తోంది. జోలెను ముందుకు తిప్పుకుని, కొంగు లాగి పిల్లకు కప్పింది. భూతం ఎవరెవరినో పిలుస్తోంది. ముద్దుగా, బతిమాలుతూ, కోపంగా, ఒక్కో పేరూ ఒక్కో గొంతుతో. మెట్ల మీది ఆడవాళ్లు పెదాలు బిగించి నడుస్తున్నారు. ఒకామె కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి, పెదవి మాత్రం కదలలేదు. భూతం నెత్తికి సమంగా ఉన్న పై మెట్టు మీద తెమ్మెర గంప వంచింది. బొగ్గు జారి పొగ లేచింది. ఆ పొగచాటున మునివేళ్ల మీద లేచి, శంఖాన్ని పుటుక్కున తెంపి, గంపలో వేసుకుని, తలగుడ్డ కప్పేసింది.

నెత్తిన ఏదో బరువు తగ్గినట్టు భూతం తల విదిలించింది. తరవాత అరిచింది. కాగులు గణగణ మోగాయి. ద్రాక్షపళ్లెం ఎగిరిపడింది. అంగారభట్టు వేలు చూపిన దిక్కుకు భటులు పరుగెత్తారు. తెమ్మెర మెట్లు దిగలేదు. పక్కనే బూడిద ఎత్తిపోసే ఇనుపతొట్లు ఒక గొలుసు మీద కోటపైకి వెళుతుంటాయి. పిల్లను రొమ్ముకు అదుముకుని, గంపతో సహా పోతున్న తొట్లోకి దూకింది. బూడిద నడుం దాకా వచ్చింది. కింద ఎవరో గొలుసు ఆపమని కేకేశారు. ఆపే చక్రం దగ్గరికి భటులు చేరేలోగా పెద్దమ్మ కాలు మడతపడ్డట్టు పడిపోయింది. ఆవిడ వెనక ఎర్రచీర పడింది, దాని వెనక మెల్లకన్ను పడింది. గంపల్లోని బొగ్గంతా మెట్ల మీద దొర్లింది. భటులు దాని మీద కాలు వేసి ఒకరి మీద ఒకరు జారారు. ఒకడు వదిలిన బాణం తొట్టి అంచుకు తగిలి ఠంగుమంది. ఇంకొకటి ఆమె కొప్పులోంచి దూసుకుపోయింది. పాప దాన్ని చూసి, "ఊ," అంది.

తొట్టి కోట ముంగిట్లో బూడిదకుప్ప మీద వాళ్లిద్దరినీ దొర్లించింది. అక్కడ కొలువు తీరి ఉంది. ముత్యాల పందిరి కింద మహారాజు ముక్కుకు పట్టుగుడ్డ అడ్డుపెట్టుకున్నాడు. భద్రసేనుడు చెయ్యి ఊపుతూ, చూశారా ప్రభూ, పొద్దుటినుంచి ఆ తెరచాపలు తడిసిన పంచెల్లా వేలాడుతున్నాయి, ఇలాంటివాళ్లను నమ్ముకుంటే ప్రజల గొంతు ఎండిపోదా అంటున్నాడు. ప్రజల గొంతు గురించి అతనికి ఎప్పుడూ బెంగే. కుడి సింహం కడుపులో అప్పటికే గుడగుడ శబ్దం వినిపిస్తోంది. ఢంకా దగ్గర కర్ర పట్టుకున్నవాడు నీటిగడియారం చూస్తున్నాడు.

బురుజు మీదనుంచి సారంగుడు ఆమెను చూశాడు. చూసిన సంతోషంలో, "తెమ్మెరా," అని కేక పెట్టాడు.

అతనికి ఆ కట్టుబాటు తెలియదు. మరుక్షణం ఆమె కాళ్ల కింద రాళ్ల సందుల్లోంచి పొగ లేచింది. తెమ్మెరా, అమ్మా తెమ్మెరా, దాహమేస్తోందే అంది ఒక గొంతు. అది చనిపోయిన తన అవ్వ గొంతు. ఆమె నాలుకను పళ్ల మధ్య నొక్కిపెట్టింది. నోట్లో ఉప్పగా నెత్తురు ఊరింది. పలకకుండానే పరుగెత్తింది, పలకకుండానే బురుజు ఎక్కింది, శంఖం మీది లక్క ఊడబెరికి చక్రానికి ఎదురుగా నిలబడి ఊదింది.

ఏమీ రాలేదు. మళ్లీ ఊదింది. సారంగుడు తీసుకుని మెడనరాలు ఉబ్బేలా ఊదాడు. పిల్లి తుమ్మినంత చప్పుడు కూడా కాలేదు. పందిరి కింద నవ్వులు లేచాయి. కుడి సింహం పెదవి మీద ఒక నీటిబొట్టు మెరిసింది.

తెమ్మెర కళ్లు మూసుకుంది. చిన్నప్పుడు కొండ మీద చూసిన పేరు పెట్టే పండుగ తలుచుకుంది. అందరూ చక్రం వైపు చూసేవారు. చక్రం కదలగానే ఈలలు, కేరింతలు. చక్రం తిరిగింది కాబట్టి పేరు పెట్టారని అందరూ అనుకునేవారు. కాని పొట్టిది కావడంవల్ల ఆమెకు చక్రం కనిపించేది కాదు. శంఖం పట్టుకుని ముందు నిలబడ్డ అవ్వ మొహమే కనిపించేది. అవ్వ శంఖాన్ని ఊదేది కాదు. దానిలోకి ఏదో చెప్పేది. పెదవులు కదిలాకనే ఈలలు మొదలయ్యేవి.

గాలి లేచాక పేరు కాదు. పేరు పలికితేనే గాలి లేస్తుంది. ఇంతకాలం చక్రం కోసం పిల్లలు, పిల్లల కోసం గాలి, ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తూ కూర్చున్నారు.

ఆ సంగతి తెలిసినందుకు ఆమెకు సంతోషం కలగలేదు. శంఖంలోకి ఎంత మెల్లగా చెప్పినా శంఖం దాన్ని ఊరంతటికీ వినిపిస్తుంది. కొండ మీద పేరులేని పిల్లలు ఎంతోమంది ఉన్నారు, నోరు మూసుకోమంటే మూసుకునే వయసువాళ్లూ ఉన్నారు. ఇక్కడ ఉన్నది మాత్రం ఇదొక్కతే. ఊ తప్ప మరో మాట రానిది.

ఢంకా కర్ర పైకి లేచింది. పాప మళ్లీ దగ్గింది. దగ్గి, నల్లటి తెమడ చీర మీద ఉమ్మింది. తెమ్మెర ఆ మరక చూసింది. శంఖాన్ని పెదవుల దగ్గరికి తెచ్చుకుంది.

"తొలకరి," అంది.

మొదట శంఖం వెచ్చబడింది. తరవాత చల్లబడింది. దాని కడుపులోంచి ఒక నిట్టూర్పు, దాని వెనక వాననేల వాసన, దాని వెనక వెయ్యి గుర్రాలు ఒక్కసారి కళ్లెం తెంచుకున్నట్టు హోరు. మసిమబ్బు పాతగుడ్డలా చిరిగింది. ముత్యాల పందిరి ఎగిరిపోయింది. భద్రసేనుడి తలపాగా విడిపోయి గజాలకు గజాలుగా ఆకాశంలో సాగింది. తెరచాపలు ఛెళ్లున విచ్చుకున్నాయి. చక్రం మూలిగింది, కదిలింది, తిరిగింది. బానల గొలుసు లోయలోకి ఉరికి పైకి లేచింది. కుడి సింహం ఒక పుక్కిలి ఆవిరి ఊసేలోగా ఎడమ సింహం నోట తెల్లటి నీళ్లు ధారగా దూకాయి. ఢంకా మోగింది. చిరిగిన మబ్బులోంచి ఎండ దిగింది, ఆ వెలుగులో శ్వేతపురి జనం తమ నీడలను తామే వింతగా చూసుకున్నారు.

బూడిదకుప్ప పక్కనున్న కొలిమింటి మెట్ల మీద అంగారభట్టు నిలబడి ఉన్నాడు. చప్పట్లు కొట్టాడు.

"మంచి పేరు," అన్నాడు.

నేల కింద ఎవరో నవ్వారు. ఈసారి ముసలిగొంతు కాదు, అచ్చం తెమ్మెర గొంతు. తొలకరీ, నా బంగారుకొండా, ఇటు చూడవే అంది. పాప టక్కున తల తిప్పింది. తన పేరు అదేనని అప్పుడే తెలిసిపోయినట్టు కళ్లు మెరిశాయి. చిన్ని పెదవులు సున్నాలా గుండ్రంగా చుట్టుకున్నాయి.

తెమ్మెర ఉన్నచోటే కూలబడి, రవిక జార్చి, ఆ నోటిని రొమ్ముకు అదుముకుంది. పాప ఒక్కసారి గింజుకుని, పాలు అందాక కుదురుకుంది. నోరు నిండితే పిలుపుకు పలకడం కుదరదు. రాజు ఎదుట, కొలువు ఎదుట, చక్రం కింద, జుట్టు ఎగురుతుండగా తెమ్మెర పాలిస్తూ కూర్చుంది. కింద భూతం తొలకరీ, తొలకరీ అని విసుగు లేకుండా పిలుస్తూనే ఉంది.

బొగ్గు వేయమని అంగారభట్టు అరిచాడు. గంపల ఆడవాళ్లు మెట్లెక్కి పైకి వచ్చి బారులుగా నిలబడ్డారు. కొలిమిలో మంట తగ్గుముఖం పట్టింది. ఇక గంప పడితే భూతం గొంతు బతుకుతుంది, పడకపోతే పోతుంది. అందరూ పెద్దమ్మను చూస్తున్నారు. ఆవిడ నెత్తిన నిండుగంప. ఆవిడ మాంత్రికుణ్ని చూడలేదు, తెమ్మెరను చూడలేదు. నేరుగా మహారాజు ముందుకు నడిచింది.

"దొరా, ఈ గంప దించితే రేపు మా చేతులకి పనేది? ఆ చక్రాల పని మాదేనని నువ్వు నలుగురిలో అను. అంటే దించుతా. ఇంకోళ్లు చెబితే నమ్మను."

మహారాజు నోరు తెరిచాడు. భద్రసేనుడు ఒంగి చెవిలో ఏదో అన్నాడు. మహారాజు నోరు మూసుకున్నాడు. మళ్లీ తెరిచి గొంతు సవరించుకున్నాడు. ఇది ఆలోచించవలసిన విషయం అన్నాడు. సారంగుడు కత్తి దూసి కొలిమింటి మెట్లవైపు పరుగెత్తాడు. భటులు అడ్డం పడ్డారు.

ఎడమవైపు పాలు అయిపోయాయి. పాప నోరు వదిలి తల ఎత్తబోయింది. నేల కింద పిలుపు మరింత తియ్యగా వచ్చింది. తెమ్మెర అరచేత్తో ఆ చిన్న చెవిని మూసి, పిల్లను గబుక్కున కుడివైపుకు మార్చుకుంది. ఆమె దగ్గరున్న గడువు ఇక ఆ కుడివైపు పాలే. మహారాజు ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు.